పెరటి వైపు తిరిగిన కెమెరా

మా అమ్మాయి పురిటికి వచ్చి ఉన్న రోజుల్లోనే నరసాపురంలో మా వీధి స్తంభానికి కెమెరా పెట్టారు. స్మార్ట్ సిటీల్లో వీధివీధికీ ఉంటాయట, మనకూ ఉంటే దొంగల భయం ఉండదని పెద్దలు తీర్మానించారు. నేనూ మంచిదే అన్నాను. అది చూపించే టీవీని మూలనున్న కిరాణా కొట్లో పెట్టారు. అందరూ చూస్తుంటే దొంగ జంకుతాడని వాళ్ళ ఆలోచన.

బాలింతకు స్నానం మా పెరట్లోనే. చుట్టూ తాటాకు తడికలు కట్టి, పైన ఆకాశానికి వదిలేస్తాం. కాగులో నీళ్ళు కాచి, ఒళ్ళంతా పసుపు రాసి, నడుము మీద వేడివేడిగా ధార పోయాలి. తడిక మనిషి ఎత్తుంటే చాలనుకున్నాం. స్తంభం ఎత్తు ఎవరికి తోస్తుంది?

ఒక పొద్దున అమ్మాయికి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, జీలకర్ర కోసం కొట్టుకు వెళ్ళాను. బల్ల మీద కూర్చున్న పెద్దాయన, "కాగు కింద మంట ఆర్పలేదండి, ఇంకా పొగ వస్తోంది" అన్నాడు. తలెత్తి చూస్తే టీవీలో మా పెరడు. తడికల లోపల పీట, చెంబు కూడా కనిపిస్తున్నాయి.

"తమ్ముడూ, ముందు దాన్ని ఆపు" అన్నాను కొట్టాయనతో.

"అటెవరు చూస్తారక్కగారూ? దొంగల కోసం పెట్టిందండి."

"చూడకపోతే మా కాగు సంగతి ఈయనకెలా తెలిసింది?"

పెద్దాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"తిప్పాలంటే బిగించినాయన రావాలండి. రెండ్రోజుల్లో పిలుస్తాను."

"రేప్పొద్దున్నే అమ్మాయికి మళ్ళీ నీళ్ళు పోయాలి. ఆయనొచ్చేదాకా ఇక్కడే ఉంటాను."

అమ్మాయి దగ్గర పక్కింటావిడను ఉంచి, లేసు అల్లే దారం, సూది తెచ్చుకుని టీవీకి అడ్డంగా కూర్చున్నాను. కాసేపటికి కొట్టాయన టీవీ ఆపేసి, "ఇక వెళ్ళండి" అన్నాడు.

"నీ ఫోన్లో కనబడదా?"

కనబడుతుందట, పెద్దలందరి ఫోన్లలోనూ. నేను అల్లుతూనే ఉన్నాను. బేరాలు నా చుట్టూ తిరిగి వెళ్ళాయి.

మధ్యాహ్నానికి బిగించినాయన వచ్చి నిచ్చెన ఎక్కాడు. నేను టీవీ మళ్ళీ పెట్టించి, తెర ముందు నిలబడి, తడిక అంచు కనిపిస్తోంది, ఇంకా తిప్పు, ఇంకా, అని కేకలేస్తూ వీధి మాత్రమే మిగిలేదాకా తిప్పించాను.

"మరి ఇన్నాళ్ళూ తీసినవో?"

"రికార్డింగు పెట్టెలో ఉంటాయండి. కొన్నాళ్ళకు వాటంతటవే పోతాయి."

"నా ఎదురుగా తీసెయ్యి."

తీసేశాడు. పాస్‌వర్డ్ కూడా మార్పించాను. ఎవరైనా ఫోన్లో దాచుకుని ఉంటే మాత్రం తనకు తెలిసే దారి లేదన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

ఇంటికొచ్చి దాచకుండా అంతా చెప్పాను. అమ్మాయి పిల్లను ఒళ్ళోకి లాక్కుని, "రేపట్నుంచి పెరట్లో పోసుకోనమ్మా" అంది.

"పెరడు మనది. వాళ్ళ కన్ను పడిందని మనం మానుకోవడమేంటి?" అన్నాను.

మర్నాడు కాగు కింద మంట వేసి, పక్కింటావిడను కొట్టుకు పంపాను. ఆవిడ టీవీ ముందు నిలబడి ఫోను చేసింది: "వీధే కనిపిస్తోంది వదినా, కానియ్యి." అప్పుడు అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టాను.