మాసమ్మ తరఫు వకీలు

“...అడిగితే ఏమైతది? నోరు కాలిపోతదా?”

“అడిగితే వద్దంటరే. ఇంకొకదాన్ని చూసుకుంటరు. నువ్వు సప్పుడు చెయ్యకుండ కూసో, నేను మాట్లాడ్త.”

“కడుపు నాది, మాట్లాడేది నువ్వా?”

చిక్కడపల్లిలో సీనియర్ వకీలు విద్యాసాగర్ గారి ఆఫీసుకు మెట్లెక్కుతున్న వేదవతికి పై మలుపు నుంచి ఈ మాటలు వినపడ్డాయి. ఆమె చెప్పుల చప్పుడు దగ్గర పడగానే ఆగిపోయాయి. మలుపులో ఇద్దరు గోడకు ఒదిగి దారి ఇచ్చారు. మాసమ్మ, ఆమె భర్త బుగ్గయ్య. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి రాంనగర్ బస్తీలో ఉంటున్నారు. అతనిది సెంట్రింగ్ పని, ఆమె ఇటుకలు మోస్తుంది. సకల జనుల సమ్మెలో బస్సులు లేక ఆ పొద్దు నడిచే వచ్చారు. వేదవతి వచ్చిందీ వాళ్ల పని మీదే.

వేదవతిది నల్గొండ జిల్లా. గ్రూప్స్ రాయడానికి అశోక్‌నగర్ వచ్చి, హాస్టళ్లలో పుస్తకాలు ముందేసుకుని కొన్నేళ్లు కూర్చుంది. ఉద్యోగం రాలేదు. తోటి పిల్లలు ఒక్కొక్కరే సర్దుకుని వెళ్లిపోతుంటే ఈమె సాయంత్రం కాలేజీలో లా చదివి నల్లకోటు వేసుకుంది. గదులు మారింది గానీ అశోక్‌నగర్ విడిచిపెట్టలేదు. కుదురుగా కూర్చోవడం మాత్రం ఆ చదువుతోనే అయిపోయినట్టుంది. కాగితం చదివినా నిలబడే, టీ తాగినా నడుస్తూనే. కాలుగాలిన పిల్లి అని విద్యాసాగర్ గారు ముద్దుగానే అంటారు. వకీళ్లు కోర్టులు బహిష్కరించాక ఆ తిరుగుడు మరీ ఎక్కువైంది. తిరగడానికి కోర్టు వరండా కూడా లేదు.

కోర్టుతో పనిలేని పని ఒకటి ఆ ఆఫీసులో నడుస్తూనే ఉంది. పేపర్లు దాన్ని అద్దె గర్భం అని రాసేవి, బస్తీల్లో కిరాయి కడుపు అనేవాళ్లు. దానికింకా చట్టం లేదు, ఒప్పందమే ఆధారం. పిల్లలు కావలసిన దంపతుల తరఫున విద్యాసాగర్ గారు ఒప్పందం రాస్తారు. బిడ్డను కడుపులో మోసే మనిషికి వేరే వకీలు ఉండి తీరాలని ఆస్పత్రి వాళ్లు అడుగుతారు. ఆ వేరే వకీలు ఆయన జూనియరే, పక్క గదిలో కూర్చునే వేదవతి. ఈమెకు అర్థమయ్యేలా చెప్పాను, ఈమె మంచి చూసి సలహా ఇచ్చాను అని చివర సంతకం పెట్టాలి. పిలిచేది ఆయన, ఫీజు ఇచ్చేది దంపతులు. ఇంతకుముందు వచ్చిన ఆడవాళ్లెవరూ ఏమీ అడగలేదు. వేదవతి సంతకం పెట్టేసేది.

హాల్లో నారాయణగూడ నుంచి వచ్చిన భాగ్యశ్రీ, భర్త అప్పటికే కూర్చుని ఉన్నారు. కరెంటు లేదు. ఆమె పేపరుతో విసురుకుంటూ గోడ గడియారం చూస్తోంది. రాహుకాలం రాకముందే సంతకాలు కావాలని వాళ్ల అత్తగారు చెప్పి పంపారట. మూడు కడుపులు నిలవక, మూడోసారి తన ప్రాణం మీదికే వచ్చిన మనిషి ఆమె. మాసమ్మ లోపలికి రాగానే లేచి దానిమ్మపండ్ల సంచి చేతిలో పెట్టింది. ఆ పెట్టడంలో భయం ఉంది, ఎక్కడ జారిపోతుందో అన్నట్టు.

పక్క గదిలో వేదవతి ఏమడిగినా బుగ్గయ్యే జవాబు చెప్పాడు. ఆరోగ్యం బాగుందా అంటే బాగుందన్నాడు. ఇష్టమేనా అంటే ఇష్టమేనన్నాడు. ఆమె నోట వినాలి, జర బయట కూర్చో అన్నా అని పంపించి, కిటికీ దగ్గర వెలుతురులో నిలబడి వేదవతి గబగబా తెలుగులో చెప్పుకుంటూ పోయింది. మందులు, పరీక్షలు, పుట్టగానే బిడ్డను ఇచ్చేయడం, ఆపరేషన్‌కు ఒప్పుకోవడం.

“మేడం, జర ఆగున్రి,” అంది మాసమ్మ. “మీరు మాకు వకీలా, వాళ్లకు వకీలా?”

వేదవతి వచ్చి కుర్చీలో కూర్చుంది. “నీకే.”

“అయితే చెప్పున్రి. ఆపరేషన్ అయినంక ఇంక నాకు పిల్లలు కారు గదా?”

వేదవతికి ముందు అర్థం కాలేదు. ఆ తర్వాత తట్టింది. ఊళ్లో ఆపరేషన్ అంటే ఒకటే, పిల్లలు కాకుండా చేసేది. ఆపరేషనైందా అని ఆడవాళ్లు ఒకరినొకరు అడిగేది దాని గురించే. కడుపు కోసి బిడ్డను తీస్తే అది పెద్దాపరేషన్. తన తల్లీ అట్లాగే అంటుంది. ఈ నేల మీద పుట్టి ఆ తేడా తనకే గుర్తు లేకపోయింది.

మాసమ్మకు ఒక్కతే బిడ్డ. ఈ పని అయినాక ఇంకొకరిని కనాలని ఆశ. ఆపరేషన్ తప్పదనుకునే, ఒక్కతి చాలులే అని బుగ్గయ్య ఆమెను ఒప్పించాడు. మెట్ల మీద గొడవ అదే.

వేదవతికి నవ్వొచ్చింది, గుండె తేలికైంది. అది పెద్దాపరేషనే, అదీ అవసరమైతేనే అని చెప్పింది. నమ్మకం కలగాలని ఇంగ్లీషు కాగితంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి మాటకు మాట తెలుగు చేసింది: డాక్టరు అవసరం అనుకున్న ఏ ఆపరేషనైనా...

‘ఏ’ అన్న మాట దగ్గర వేలు ఆగింది.

“ఏమైంది మేడం?”

“నువ్వు భయపడ్డది గూడ ఇందులకే వస్తది మాసమ్మా. గర్భసంచి తీసేసినా, పిల్లలు కాకుండ చేసినా, నువ్వు ముందే ఒప్పుకున్నట్టు రాసిన్రు.”

మాసమ్మ ఒడిలోని సంచి తీసి కింద పెట్టింది. “పని వద్దంటలేను. ఆ తల్లిని చూస్తే నాకూ పాపమే అనిపిస్తది. పాణం మీదికొస్తే నన్ను బతికించేటందుకు ఏం జేసినా సరే, నా బిడ్డకు నేనుండాలె. గంత ఆపద గాకుంటే నన్ను అడగాలె. మా ఆయనను గాదు, నన్ను. గా మాటొక్కటి రాయిస్తరా?”

లోపలి గదిలో విద్యాసాగర్ గారు ఓపిగ్గానే విన్నారు. ఇది ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన నమూనా, సరదాకు ఎవరూ గర్భసంచి తియ్యరు అన్నారు. ఒక్క వాక్యం కదిపితే డాక్టరు మళ్లీ మొదటి నుంచి చూస్తానంటాడు, అండం తీయడానికి భాగ్యశ్రీకి మొదలుపెట్టిన మందులు వృథా అవుతాయి, ఆ పిల్ల ఇంకో దెబ్బ తట్టుకోలేదు. అదీ అబద్ధం కాదని వేదవతికి తెలుసు. తెలిసే బల్ల చుట్టూ తిరిగింది, కాగితం తీసింది, పెట్టింది.

“కూర్చో తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయి,” అన్నారాయన. “పెళ్లికి రెండు వైపులా కలిపి ఒక్కడే పంతులు. ఇదీ అంతే అనుకో.”

“పెళ్లికి ఒక్కడు చాలు సార్. పంచాయితీకి ఇద్దరు కావాలి.”

ఆయన నవ్వలేదు. ఎవరూ చేర్చుకోని రోజుల్లో చేర్చుకున్నది తనేనని గుర్తు చేయలేదు కూడా. “నువ్వు ఎవరి మనిషివమ్మా?” అని మాత్రం అడిగారు. ఒక్క పొద్దున ఆ ప్రశ్న రెండోసారి. ఇప్పుడు సంతకం పెట్టలేకపోతే ఈ పనులకు ఇంకొకరిని పిలుచుకుంటానని, తర్వాత బాధపడొద్దని చెప్పి, పెన్ను మూత తీసి ఆమె వైపు జరిపారు.

వేదవతి పెన్ను అందుకోలేదు. హాల్లోకి వచ్చింది. బుగ్గయ్య లేచి నిలబడ్డాడు. పక్క గది గుమ్మంలోకి మాసమ్మ వచ్చి ఆగింది. భాగ్యశ్రీ విసురుకోవడం మాని వేదవతి మొహంలోకి చూసి, “ఏమన్నా ప్రాబ్లమా మేడం?” అంది. ఆ గొంతు విని వేదవతి ఒక క్షణం కిటికీ దాకా నడిచి, వెనక్కి వచ్చింది. వాళ్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఈరోజు సంతకాలు కావండీ. మాసమ్మకు నేను వకీలును. ఆపరేషన్ అన్న చోట ఆమె మాట రాసేదాకా నేను పెట్టను, ఆమెను కూడా పెట్టొద్దనే చెప్తాను. సార్ జూనియర్‌గా ఉండి ఆ పని చేయలేను, రేపటి నుంచి నేను ఈ ఆఫీసులో ఉండను.”