ధాన్యం కొట్టులో అలికిడి

ఆత్రేయపురం దగ్గర ఒక మామ్మగారి ధాన్యం కొట్టులో పట్టపగలు కూడా చీకటే. ఆవిడ రోజూ గడపకు పసుపు రాసి, తలుపు ఓరగా తీసి, లోపలికి చూస్తూ పలకరించేవారు.

"ఉన్నావా తండ్రీ?"

బస్తాల అడుగునుంచి గరగరమని చప్పుడు వచ్చేది. మొదటిసారి విన్నప్పుడు నేను గడప ఇవతలే ఆగిపోయాను.

"మా నాగన్న, అమ్మా. కొట్టులో ఉండే పాము. ఎలకల్ని చేరనివ్వడు" అన్నారావిడ మురిపెంగా.

నిల్వ ధాన్యానికి పట్టే పురుగులను చూడటం నా ఉద్యోగం. విత్తనాల బస్తాల కింద బొచ్చు పురుగులు కనిపించాయని ఆవిడ కొడుకు కబురు చేస్తే వెళ్ళాను. అవి గింజల్ని గుల్ల చేసే ఖాప్రా పురుగులైతే కొట్టు మూసేసి, లోపల ఏ ప్రాణీ మిగలకుండా గ్యాసు మాత్రలు పెట్టాలి. మామ్మగారు ఒప్పుకోలేదు.

"ముందు నన్ను లోపల పెట్టి తలుపేసుకోండి" అన్నారు.

పోయినేడు ఆవిడ కాశీ వెళ్ళిన వారంలో, ముక్కపురుగు పట్టిందని కొడుకు పిలిస్తే, అదే కొట్టులో మాత్రలు పెట్టించింది నేనే. పాము సంగతి అతను చెప్పలేదు. అడగాలని నాకూ తోచలేదు. ఆ మాత్రల సంగతి ఆవిడకు తెలియదు.

ఈ బొచ్చు పురుగులు భూతద్దం కింద అన్నీ ఒకేలా ఉండి నా ప్రాణం తీస్తాయి. అందుకే రెండింటిని స్పిరిట్ సీసాలో వేసి పెద్ద ల్యాబుకు పంపాను. అప్పుడప్పుడే వచ్చిన పద్ధతి అది. పురుగు డీఎన్ఏలో చిన్న ముక్క చదివి, సబ్బు పెట్టె మీది బార్‌కోడు చూసినట్టు పేరు చెప్పేస్తారు.

పేరు వచ్చింది. ఖాప్రా కాదు. చచ్చిన జంతువుల ఎండు చర్మం తిని బతికే పురుగట. విత్తనాలకు భయం లేదు. కానీ ఆ బస్తాల కింద ఏది చచ్చి ఎండిందో నాకు తట్టింది.

మర్నాడు బస్తాలు తీయించాం. అట్టడుగు చెక్కల మీద నాగన్న చుట్ట చుట్టుకుని ఎండిపోయి ఉన్నాడు. పైన పొలుసులు చెక్కుచెదరలేదు. లోపల పురుగులు మసులుతున్నాయి. మామ్మగారు రోజూ విన్న గరగర, మేమంతా చూస్తుండగానే, ఆ పురుగుల్లోంచే వినిపిస్తూ ఉంది.

మామ్మగారు ఏడవలేదు. "పురుగు పేరు చెప్పిన మిషను, వీడెప్పుడు పోయాడో చెప్పదా అమ్మా?"

"చెప్పదండీ" అన్నాను. కొడుకు తల ఎత్తలేదు.

ఆవిడ కొడుకువైపు చూశారు. తర్వాత పసుపునీళ్ళ చెంబు నా చేతిలో పెట్టారు.

"వీడి మీద నువ్వు చల్లమ్మా. ఇది మా ఇంట్లోవాళ్ళు చేసిన పాపమే. నీ చేతికేం అంటలేదు."

చల్లాను.