గుండీల్లేని ఎలుగుబంటి

కాజాలక్కకు అసలు పేరొకటి ఉంది గానీ, దర్జీ దుకాణంలో ఎవరూ దాన్ని వాడరు. చొక్కా ఆమె చేతికి వచ్చేసరికి అసలు పనంతా అయిపోయి ఉంటుంది. కొలతలు తీసి కత్తిరించేది ఆమె అన్నయ్య. ఆయన్ని అందరూ మాస్టరు అంటారు. మిషను మీద కుట్టేది ఇంకొకరు. గుండీ పట్టేందుకు కాజా తెరిచి, దాని అంచును దారంతో చుట్టి, గుండీలు కుట్టి, మడతపెట్టి పక్కన పెట్టేది కాజాలక్క. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని, ఏళ్ల తరబడి అదే పని.

వయసులో ఉండగా ఒకసారి కత్తెర అడిగింది. కోత తప్పితే బట్ట పోతుంది, నువ్వు కాజాలు చూసుకో అన్నాడు అన్నయ్య. కాజా తెరవడమూ బట్టను కోయడమే, అదీ పూర్తయిపోయిన చొక్కాను. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. అప్పట్నుంచీ ఆమెకు ఒకటే కోరిక. ఏదైనా సరే, ఒక్క వస్తువు మొదట్నుంచి చివరిదాకా తన చేతుల్లోనే తయారవ్వాలి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లూ లేరు.

దుకాణం మేడమీద ఆదివారాలు బొమ్మల క్లాసు జరుగుతుంది. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే ఒకావిడ పెద్దవాళ్లకు నేర్పుతుంది. మనుషుల్లా రెండు కాళ్ల మీద నిలబడి, బట్టలు తొడుక్కుని, సంచులు మోసే జంతువులు. పొట్టి చేసిన ఆవిడ కోటు ఇచ్చిరావడానికి పైకి వెళ్లిన కాజాలక్కకు, బోర్డు మీద కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్న నక్క కనబడింది. అచ్చం కుట్టుకూలి దగ్గర బేరాలాడే పెద్దమనిషిలా ఉంది. కోటు ఇచ్చేసి దిగిపోవాల్సిన మనిషి అక్కడే చతికిలబడింది. మరుసటి ఆదివారం పెన్సిలు కొనుక్కుని మరీ వెళ్లింది.

పాఠం తేలికే. ముందు తలకో గుండ్రం, పొట్టకో కోడిగుడ్డు, రెండింటినీ కలుపుతూ వెన్నుకో గీత. మనిషి ఎలా నిలబడతాడో ఆ గీతను అలా వంచాలి. చెవులూ మూతీ ఆ తర్వాత. బట్టలు అన్నిటికన్నా చివర. అందరూ బుద్ధిగా గుండ్రాలు చుట్టారు. కాజాలక్క కాగితం నడిమధ్య ఒక గుండీ వేసింది. దానికి నాలుగు కన్నాలు, కన్నాల్లో దారం. పక్కనే కాజా. కాజాను బట్టి చొక్కా పట్టీ, పట్టీని బట్టి కాలరు. కాలరు దగ్గరికి వచ్చేసరికి కాగితం అయిపోయింది. వేద్దామనుకున్న కుందేలుకు తల పెట్టే చోటు లేదు.

పక్కన కూర్చునే రిటైరైన పోస్ట్‌మాస్టరు తొంగిచూసి, తలా తోకా లేనిదంటే ఏమిటో ఇన్నాళ్లకు కళ్లారా చూశానన్నాడు. క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. ఇంటికెళ్లాక మాత్రం ఏడుపొచ్చింది.

తర్వాతి వారాల్లోనూ అదే తంతు. గుండ్రంతో మొదలుపెట్టాలనే కూర్చుంటుంది, చెయ్యి మాత్రం దాని దారిన అది గుండీ మీదికి పోతుంది. అసలు సంగతేమిటంటే ఆమెకు ఖాళీ కాగితమంటే భయం. ఇన్నేళ్లూ ఎవరో మొదలుపెట్టిన పనే చేతికి అందింది. ఏమీ లేనిచోట మొదటి గీత గీసే అవసరం ఎప్పుడూ రాలేదు.

అంతలో తోకల గొడవ వచ్చిపడింది. ప్యాంటు తొడిగిన జంతువుకు తోక ఎక్కడ్నుంచి రావాలి? అందరి తోకలూ గుడ్డకు జిగురుతో అంటించినట్టున్నాయి. పోస్ట్‌మాస్టరు కోతికైతే తోక జేబులోంచి వచ్చింది. చూసి చూసి కాజాలక్క ఆయన కాగితం లాక్కుంది. నడుంపట్టీ కింద నిలువుగా ఓ పెద్ద కాజా వేసి, పైన గుండీ పెట్టి, తోకను అందులోంచి బయటికి లాగింది. కోతి బతికింది. టీచరు ఆ కాగితం అందరికీ చూపించి మెచ్చుకుంది.

ఇంకేముంది, కాగితాలు ఆమె ముందుకు వరస కట్టాయి. ఉడుతకో కాజా, తోడేలుకో కాజా. నెలాఖరున బొమ్మలన్నీ గోడకు పెడతారట, అందరికీ తొందర. పొగడ్త తీయగానే ఉంది, కాదనడం దేనికి? వరసగా కొన్ని ఆదివారాలు ఆమె తన కాగితం ముట్టనే లేదు. చివరికి టీచరు మంచి మనసుతోనే, గోడ మీద ఒక మూల "తోకల సాయం" అని ఆమె పేరూ రాద్దామంది. కాజాలక్క ఒళ్లోని కాగితాల దొంతర వైపు చూసుకుంది. మెట్లు దిగితే దుకాణంలో చొక్కాలదీ ఇదే దొంతర.

"నేనింక కాజాలు వెయ్యనండీ," అంది. "కింద రోజూ అదే పని. ఇక్కడికొచ్చింది అందుక్కాదు."

ఎవరి కాగితం వాళ్లు తీసుకున్నారు. టీచరు ఒక పెద్ద కాగితం తెచ్చి ఆమె ముందు పరిచింది.

కాజాలక్క పెన్సిలును సూదిలా కాకుండా బట్ట మీద గుర్తులు గీసే సుద్దముక్కలా పట్టుకుంది. అన్నయ్య బల్ల మీద బట్ట పరిచి, భుజం దగ్గర్నుంచి చెయ్యి తిప్పుతూ ఒక్క ఊపున గీత లాగడం ఆమె రోజూ చూసిందే. అలాగే తిప్పింది. సొట్టలు పడ్డ పెద్ద గుండ్రం ఒకటి వచ్చింది. అది తల. దాని కింద బొజ్జ, కాస్త ముందుకు వంగిన వెన్ను, చిన్నా పెద్దా చెవులు, ఇస్త్రీపెట్టెల్లాంటి పాదాలు. అన్నీ అయ్యాక, మెడ మీంచి కిందిదాకా వేలాడే వదులు గౌను. ఆడ ఎలుగుబంటి తయారైంది. ఒంటి మీద ఒక్క గుండీ లేదు.

బొమ్మలు గోడకెక్కిన రోజు మాస్టరును ఆమే పైకి పిలుచుకొచ్చింది. బతిమాలాల్సివచ్చింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కో బొమ్మ దాటుకుంటూ వచ్చి ఎలుగుబంటి ముందు ఆగాడు. ఆయనకు దాని మొహం పట్టలేదు, ముందు గౌనే కనబడింది. కొత్త బట్ట ఏది కంటబడినా అడిగే మాటే అడిగాడు.

"కటింగ్ ఎవరిది?"

"నాదే, అన్నయ్యా."

మాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఎడం భుజం కాస్త వంకర పోయిందమ్మా," అన్నాడు.

"అదీ నాదే," అంది కాజాలక్క.