యాయీరు కూతురి పటం కింద మంచం

బైబిలు మీద చెయ్యి వేసి చెబుతాను, ఇందులో ఒక్క మాట కూడా నేను కలపలేదు. తేదీలు, వారాలు మర్చిపోయే మనిషిని కాను. పోయిన వానాకాలం, బుధవారం, పొద్దుగూకాక... ఇన్సేన్ పేటలోని మా ఇంట్లోనే జరిగింది.

మా గోడకు నాన్న నాటి పటం ఒకటుంది. రష్యా చిత్రకారుడెవరో నూరేళ్ళకు పైగా కిందట గీసినదానికి అచ్చు. బైబిల్లో ప్రభువు తిరిగి లేపిన యాయీరు కూతురు, ఇంకా లేవకముందు, చనిపోయి మంచం మీద ఉంటుంది. తలవైపు కొవ్వొత్తులు. ప్రభువు ఆమె చెయ్యి పట్టుకుని నిలబడి ఉంటాడు.

ఆ పటం కిందే మా మనవరాలు రూతు మంచం. డెంగీ జ్వరం. ఆసుపత్రికి తీసుకెళ్ళాలని మా అబ్బాయి టాక్సీ వెతకడానికి వెళ్ళాడు. ఇంతలో కరెంటు పోయింది. కోడలు సువార్త కొవ్వొత్తి వెలిగించి పిల్ల తలవైపు పెట్టింది.

"బతికున్న పిల్లకి తలకాడ పెడతావేటే? అది శవానికి కదా!"

"బొమ్మలో అలాగే ఉన్నాయి కదత్తా. ఆ పిల్ల లెగనేదేటి?"

"బొమ్మలో ఇంకా లెగనేదు. సరిగ్గా సూడు."

కొవ్వొత్తిని కాళ్ళవైపు పెట్టె మీదకు మార్చాను. సువార్త మొగుడి కోసం వీధిలోకి వెళ్ళింది.

వాన ఆగింది. చూరు నీళ్ళు... టప్... టప్...

మంచం పక్క స్టూలు మీద మందు గ్లాసు ఉంది. దాని నీడ చూశాను. కొవ్వొత్తి కాళ్ళవైపు ఉంటే నీడ తలవైపు పడాలి. పడలేదు... కాళ్ళవైపే పడింది. రూతు నుదుటి మీద పసుప్పచ్చటి వెలుగు... తలవైపు పైనుంచి.

తల ఎత్తి పటం చూసే ధైర్యం చాలలేదు.

పిల్ల కుడిచెయ్యి మెల్లగా లేచింది... వేళ్ళు వాలి వేలాడుతున్నాయి. తనంతట తాను ఎత్తిన చెయ్యి అలా ఉండదు. ఎవరో మణికట్టు పట్టుకుని ఎత్తితేనే...

"మామ్మా..." కళ్ళు తెరవకుండానే అంది. "ఈ సెయ్యి సల్లగుంది."

"ఎవరి సెయ్యమ్మా?"



గుమ్మంలో సువార్త గొంతు. "సీకట్లో కూకున్నావేటత్తా? కొవ్వొత్తి ఆరిపోనాది, సూసుకోనేదా?"

గోడ తడుముకుంటూ వస్తోంది. నాకు మాత్రం రూతు ముఖం, కనురెప్పల వెంట్రుకలతో సహా, కనబడుతూనే ఉంది...

టాక్సీ వచ్చేసరికి పిల్ల ప్రాణం పోయింది.

జ్వరంతో కాలిపోయే పిల్లకు ఏ చెయ్యి తగిలినా చల్లగానే ఉంటుందని పాస్టరుగారు అన్నారు. కావచ్చు. ఆ చెయ్యి ఎవరిదో ఆయన చెప్పలేదు... నేనూ అడగలేదు.