మార్త గారి పెరటి చార్టు

మార్త గారి పెరట్లో ఎండుచేపలు మాయమైనప్పుడు కాలనీ అంతా కమలేశ్‌నే అనుమానించింది. కమలేశ్ అంటే మా బ్లాకులో నాలుగిళ్లలో పనిచేసే అమ్మాయి. అనుమానించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇది ముందే ఒప్పేసుకోవడం మంచిది, ఎందుకంటే ఈ కథలో నేను ఒప్పుకోవలసినవి ఇంకా ఉన్నాయి.

మాది ఢిల్లీలో రిడ్జ్ అడవి గోడకు ఆనుకుని ఉన్న ప్రభుత్వ క్వార్టర్స్. నా పేరు ఉమాశంకర్, సెక్షన్ ఆఫీసర్‌ని. మొదటి అంతస్తులో ఉంటాను. మా కింద, పెరడున్న వాటాలో మార్త గారు. నరసాపురం పక్కన పుట్టి, గుంటూరులో నర్సింగ్ చదివి, ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో పనిచేస్తున్నారు. భర్త సైమన్ గారు ఎక్స్‌రే విభాగంలో చేసి రిటైరయ్యారు. మాట్లాడటం నుంచి కూడా ఆ రోజే రిటైరైనట్టున్నారు, నేనాయన గొంతు విన్నది తక్కువ. మార్త గారు మాత్రం మాట్లాడతారు. ఏ మాటకైనా ముందు చేతి గడియారం చూసుకుని మరీ మాట్లాడతారు.

ఊరినుంచి రైల్లో ఎవరొచ్చినా ఆవిడకు ఎండు నెత్తళ్లు రావలసిందే. జనవరి ఎండకు వాటిని చేటలో పోసి పెరట్లో పెడతారు. వాసన గురించి రెసిడెంట్స్ అసోసియేషన్ తరఫున ఆవిడకు రెండు లేఖలు వెళ్లాయి. రాసింది నేనే, జాయింట్ సెక్రటరీని కదా. ఒకరోజు ఆవిడ చేట లోపలికి తీసుకోవడం మరచి డ్యూటీకి వెళ్లారు. పొద్దున చూస్తే చేట బోర్లా పడి ఉంది, నెత్తళ్లు లేవు.

మా సెక్రటరీ ఖురానా గారు వెంటనే కమలేశ్ గేటు పాసు రద్దు చేద్దామన్నారు. మార్త గారు ఒప్పుకోలేదు.

"చూశారా మీరు? చూడకుండా ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేస్తారా? నాకో వారం టైం ఇవ్వండి, నేను చూసి చెప్తా."

గురుగ్రామ్‌లో ఉద్యోగం చేస్తున్న కూతురు పెర్సిస్ చేత అడవి జంతువులను తీసే కెమెరా ఒకటి తెప్పించారు. ముందర ఏదైనా కదిలితే చాలు, చీకట్లో కూడా దానంతటదే ఫోటో తీస్తుంది. తీసిన ప్రతి ఫోటో మీదా తారీఖు, టైం పడతాయి. మొదటి రాత్రి నూట పన్నెండు ఫోటోలు తీసింది. అన్నీ తీగ మీద గాలికి ఊగుతున్న సైమన్ గారి లుంగీవే. రెండో రాత్రి ఒక తోక కొస మాత్రం పడింది. మూడో రాత్రి మార్త గారు కెమెరాను మోకాలెత్తుకు దించి, జామచెట్టుకు క్రేప్ బ్యాండేజీతో బిగించి కట్టి, చేటలో నాలుగు నెత్తళ్లు వేసి పెట్టారు.

దొంగ దొరికింది. పిల్లికంటే పొడుగు, మొనదేలిన మూతి, వీపు మీద చారలు, పక్కల చుక్కలు, తోకకు గాజులు తొడిగినట్టు వలయాలు. నోట్లో మార్త గారి నెత్తళ్లు. కూతురికి పంపితే "మమ్మీ, ఇట్స్ ఎ సివెట్" అని జవాబు వచ్చిందట. పునుగు పిల్లి.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ మార్త గారు ఆ ఫోటోను పెద్ద సైజులో ప్రింటు తీయించి, కమలేశ్‌ను వెంటబెట్టుకుని, ఆమెను దొంగ అన్న ప్రతి ఇంటి తలుపూ తట్టారు. మా తలుపు కూడా. "ఇదిగోనండి దొంగ. ఈ అమ్మాయితో ఒక మాట చెప్పండి" అని గుమ్మంలో నిలబడ్డారు. నేను కమలేశ్‌కు సారీ చెప్పాను. ఖురానా గారు చెప్పలేదు, ఫోటోను మాత్రం చాలాసేపు చూశారు.

ఆ సాయంత్రానికల్లా ఫోటో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద ఖురానా గారి వ్యాఖ్య: ఇది కబర్ బిజ్జూ, సమాధులు తవ్వి శవాలు తింటుంది, పసిపిల్లల్ని ఎత్తుకుపోతుంది. ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి గుర్తొచ్చింది. ఒకావిడకు చిన్నప్పుడు మీరట్‌లో విన్న ఏడుపు, ఒకాయనకు వాకింగ్‌లో కనబడిన రెండు కళ్లు. ఒక మనిషిని కాపాడబోయి, చేజేతులా ఒక జంతువును ఇరికించానని మార్త గారికి అప్పుడు అర్థమైంది. ఆ మాట ఆవిడే నాతో అన్నారు, మొహం చిన్నబుచ్చుకుని. ఆవిడను అలా చూడటం నాకదే మొదలు.

అయినా కెమెరా తీయలేదు. ఆసుపత్రిలో రోగులకు రాసినట్టే పెరటికో చార్టు మొదలుపెట్టారు. పునుగు పిల్లి ఒకటో నంబరు బెడ్డు. అప్పుడప్పుడు వచ్చే ముళ్లపంది రెండో నంబరు. ఒకే ఒక్కసారి వచ్చిన నక్క ఓపీ. ఏ టైంకు వచ్చింది, ఎటునుంచి, ఏం తిన్నది, కుంటుతోందా, అన్నీ రాసేవారు. నేను చూసిన ఒక పేజీలో "ఒకటో నంబరు: ఎలుక ఒకటి, జామకాయ సగం. విరేచనం సాఫీ" అని ఉంది. ఆరు వారాల చార్టు చూస్తే విషయం తేలిపోయింది. అది రాత్రి తొమ్మిదీ నలభై ప్రాంతంలో వస్తుంది, తెల్లవారకముందే వెళ్లిపోతుంది. వచ్చేదీ పోయేదీ పెరటి వెనక పాడుబడిన వాననీటి పైపులోంచే.

ఈ పైపు సంగతి ఎవరి ద్వారానో ఖురానా గారి చెవిన పడింది. మీటింగు పెట్టారు. ఆదివారం ఉదయం పదిన్నరకు పైపు మూతిని సిమెంటుతో మూయించాలని నిర్ణయం. మూయాలని అందరూ అన్నారు, నోటీసు మాత్రం నేను రాశాను. కింద సంతకం కూడా నా ఒక్కడిదే. ఇది నేను ఒప్పుకోవలసిన రెండోది.

శుక్రవారం సాయంత్రం మార్త గారు మా ఇంటికొచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోను నా ముందు పెట్టారు. పైపు మూతి దగ్గర తల్లి, దాని పొట్ట కింద నుంచి తొంగిచూస్తూ మూడు పిల్లలు. కళ్లు తెరిచి నాలుగు రోజులైనట్టు కూడా లేదు.

"పగలు తల్లీ పిల్లలూ లోపలే ఉంటాయండి. పదిన్నరకు మూస్తే నాలుగూ లోపలే. అడవి జంతువుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశా, సోమవారం మనిషిని పంపుతామన్నారు. ఒక్క రోజు ఆపండి చాలు."

"ఖురానా గారిని అడగండి మేడమ్. నేను రాసేవాణ్ణే గాని నిర్ణయించేవాణ్ణి కాదు."

"ఆయన్ని అడిగా. కమిటీ అన్నారు. కమిటీని అడిగితే ఖురానా గారన్నారు. కాగితం మీద ఉన్నది మీ పేరు. అందుకే మీ దగ్గరకొచ్చా."

నేను గోడ గడియారం వైపు చూశాను. ఆవిడ నెమ్మదిగా చెప్పారు.

"నాకు ఇరవై నాలుగేళ్లప్పుడు, నైట్ డ్యూటీలో ఒక డాక్టరు ఫోనులో డోసు చెప్పాడు. రాసివ్వమని అడగలేదు నేను, భయం. ఇచ్చేశా. ఆ ముసలాయన మూడో రోజు పోయాడు. నేనలా చెప్పలేదన్నాడు డాక్టరు. మెమో నాకొచ్చింది. మెమో పోతే పోయిందండి, ఆయన పేరు ఇప్పటికీ మర్చిపోలేదు నేను. జక్కయ్య. మన వైపు మనిషే. అప్పట్నుంచి నోటిమాట మీద ఎవరి ఊపిరీ ఆగనివ్వలేదు నా చేతిలో."

లోపల్నుంచి వచ్చిన నా భార్య వీణ ఫోను అందుకుని చూసింది. "ఏమండీ, ఇది పునుగు పిల్లి కదూ? తిరుమలలో శుక్రవారం అభిషేకం తర్వాత స్వామికి పూసే పునుగు దీనిదేగా. దీన్నా మీరు సిమెంటు పెట్టి పూడుస్తున్నది?"

"మీ స్వామికి పునుగిస్తే ఇచ్చింది గానీ, నా నెత్తళ్లు తిన్నదీ ఇదేనమ్మా" అన్నారు మార్త గారు. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. చూద్దాం లెండి అన్నాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను బాగా నేర్చుకున్న మాట అదే.

ఆదివారం వచ్చింది. క్రైస్తవులకు ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాలు నడుస్తున్నాయి. మార్త గారు తెలుగు ఆరాధనలో పాటలు ఎత్తుకునే మనిషి, ఆ రోజుల్లో ఒక్క ఆదివారం కూడా మానరు. ఆ రోజు మానేశారు. తెల్లచీర కట్టుకుని, పాటల పుస్తకం ఒళ్లో పెట్టుకుని, సరిగ్గా పైపు మూతికి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పక్కన సైమన్ గారు, చేతిలో ఫ్లాస్కుతో.

కమిటీ ఏడుగురమూ వెళ్లాం. మేస్త్రీ సిమెంటు కలిపేశాడు. ఖురానా గారు లేవమని మర్యాదగానే మొదలుపెట్టారు. "సిస్టర్‌జీ, ఉఠియే. పిల్లలున్న కాలనీ ఇది."

"నేనూ పిల్లల గురించే కూర్చున్నా సార్" అని హిందీలో జవాబిచ్చి, పుస్తకంలోంచి ఒక కాగితం తీశారు. ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించుకుంటారే, అలాంటిది. చేత్తో రాసి ఉంది. "ఈ పైపులో తల్లి, మూడు పిల్లలు బతికి ఉన్నాయని నాకు చెప్పారు. ఫోటోలు చూశాను. సోమవారం దాకా ఆగితే చాలని కూడా చెప్పారు. అన్నీ తెలిసే మూయమంటున్నాను." కింద పేరు, హోదా, సంతకం, తేదీ, టైం.

"సంతకం లేకుండా మేం సూది కూడా గుచ్చం. ఎవరైనా ఒక్కరు పెట్టండి, కుర్చీ తీసేస్తా."

కేంద్ర ప్రభుత్వోద్యోగి ముందు పులిని నిలబెట్టినా అంత వెనక్కి తగ్గడు. ఒకాయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాడు. ఒకాయన ఇది లీగల్‌గా చూపించాలన్నాడు. కోశాధికారికి పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్లిపోయాడు. ఖురానా గారు మేస్త్రీ వైపు తిరిగి, "నువ్వు పని చెయ్యి భయ్యా, నేను చెప్తున్నాగా" అన్నారు.

మార్త గారు గడియారం చూసుకుని, చార్టు తెరిచి, పైకి చదువుతూ రాశారు. "పదీ యాభై రెండు. నోటిమాట ఆర్డరు. ఇచ్చినవారు ఖురానా గారు. విన్నవారు మేస్త్రీతో కలిపి ఆరుగురు." మేస్త్రీ తాపీ కింద పెట్టేశాడు. తన పేరు అందులో ఎక్కకుండా ఉంటే చాలన్నట్టు గోడవైపు జరిగాడు.

అప్పుడు ఖురానా గారికి నేను కనబడ్డాను. "ఉమాశంకర్‌జీ, నోటీసు మీదే కదా. మీరే పెట్టేయండి. ఫార్మాలిటీ."

అందరూ నావైపు చూశారు. మార్త గారు పెన్ను చాపారు. ఆవిడ ఇంకో చేతిలో నా నోటీసు ఉంది. చెయ్యమన్నవాళ్లు ఏడుగురు, కాగితం మీద నేనొక్కణ్ణే. రేపు ఆ పైపులోంచి వాసనొస్తే నావైపే చూపిస్తారు. నాకు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్లు మండింది, ఖురానా గారి మీద కొంత, నా మీద చాలా. ఇన్నేళ్లలో ఎన్ని కాగితాల మీద, ఎవరెవరి మాటలకు నా సంతకం అరువిచ్చానో.

పెన్ను తీసుకున్నాను. ఆవిడ కాగితం వదిలేసి, నా నోటీసు లాక్కుని దాని మీదే అడ్డంగా రాశాను. "ఈ నోటీసు ఉపసంహరించుకుంటున్నాను. పైపు మూయడానికి వీల్లేదు." సంతకం పెట్టాను.

"ఇలా చేస్తే ఎస్టేట్ ఆఫీసుకు వెళ్తాను" అన్నారు ఖురానా గారు. మా క్వార్టర్లు కేటాయించేది ఆ ఆఫీసే.

"లిఖ్ కే దీజియే సార్" అన్నారు మార్త గారు. "రాసివ్వండి, నోటితో చెప్పకండి." తరువాత నా కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, తిరిగి నాకే ఇచ్చారు. "టైం వెయ్యలేదు మీరు."

పదకొండూ ఐదు అని వేశాను. తట్టలో సిమెంటు గట్టిపడింది. అందరూ వెళ్లిపోయారు.

"ఇంక లేవండి మేడమ్, రెండో ఆరాధనకు అందుకుంటారు" అన్నాను.

"సోమవారం మనిషొచ్చేదాకా ఈ పైపు దగ్గర ఎవరో ఒకరు ఉండాలండి. మీ సంతకం మీద నాకు నమ్మకమే. ఖురానా గారి మీద లేదు. పగలు నేనుంటా. రాత్రి నాకు హాస్పిటల్ డ్యూటీ ఉంది, ఈయనకు రేచీకటి. ఎనిమిదింటికొచ్చి హ్యాండోవర్ తీసుకోండి." అడగలేదు, డ్యూటీ వేశారు.

ఎనిమిదింటికి వెళ్లాను. తల్లికి దారి వదలడానికి కుర్చీని జామచెట్టు కిందికి జరిపించారు. చార్టులో నా పేరు రాయించి, టైం వేయించి, దగ్గకూడదని, ఫోను వెలిగించకూడదని చెప్పి ఆవిడ బస్సుకు వెళ్లారు. వీణ పైనుంచి శాలువా విసిరింది.

తొమ్మిదిన్నరకు పెరటి గోడ అవతల టార్చి వెలిగింది. ఖురానా గారు, వెనకాల మేస్త్రీ. మార్త గారి లెక్క తప్పలేదు. వెలుతురు పైపు మీద తిరిగి, నా మొహం మీద ఆగింది.

"మీరా? ఎవరి ఆర్డరు మీద కూర్చున్నారిక్కడ?"

నేను లేవలేదు. చార్టును ఆయన వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాను.

"నాదే. చూడండి, టైం కూడా వేశాను. ఇప్పుడు టార్చి ఆర్పండి, ఒకటో నంబరు బయటికొచ్చే వేళయింది."