ఇసక దావ

మండలాధ్యక్షుని ఎన్నికకు పది రోజులుందనగా మమ్మల్ని ప్రొద్దుటూరులో బస్సెక్కించారు. మేమంటే అప్పుడే గెలిచిన మండల సభ్యులం, ఎనిమిది మందిమి. అవతలి పార్టీకి ఏడుగురు. ఒక్క చేయి తగ్గినా మండలం పోయినట్టే. చేతులెత్తే రోజు వరకు మాలో ఎవరినీ అవతలివాళ్లు కొనకుండా, ఎత్తుకుపోకుండా దూరంగా దాచిపెట్టడాన్ని మా దిక్కు క్యాంపు అంటారు. ఒకరోజంతా ప్రయాణం చేసి, బళ్లారి, హుబ్బళ్ళి దాటి, పడమటి సముద్రం దగ్గర పడవెక్కి, ఒక చిన్న దీవిలో దిగాం.

దీవి మొత్తం ఒకటే లాడ్జి. కొబ్బరిచెట్ల కింద విడివిడి గదులు, మధ్యలో నీలంగా ఈతకొలను, స్నానాలగదికి ఒకవైపు అద్దాల గోడ. దొరలు దిగే చోటు. వానాకాలం గనక అప్పుడు మేము తప్ప ఎవరూ లేరు. మంచం మీద తువ్వాలును హంసలాగా మడిచిపెట్టారు. దాన్ని విప్పడానికి మనసొప్పక నా గదిలో ఉన్న పెద్దాయన రెండు రోజులు తన పంచెతోనే ఒళ్లు తుడుచుకున్నాడు. ఆయన పెద్దముడియం దిక్కు గొర్రెల కాపరి. నేను మామా అని పిలిచేవాణ్ణి.

మొదటి సాయంత్రమే వరండా రేకుల మీద కొబ్బరికాయ పడింది. ఎనిమిది మందిమీ ఒకేసారి నేలమీద బోర్లా పడుకున్నాం. టీ తెచ్చినామె ట్రే పట్టుకుని అట్లే నిలబడిపోయింది. పులివెందుల దిక్కు పగవాళ్ల గొడ్డళ్లకు చీనీతోటలు తెల్లారేసరికి మోళ్లయ్యే కాలమది. బాంబు చప్పుడుకు ముందు నేల పట్టుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ సంగతి ఆమెకు ఎట్లా చెప్పాలో మాకెవరికీ తెలియలేదు.

నాకు చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా జమ్మలమడుగు గ్రంథాలయంలోనే. అక్కడి బీరువాలలో నేను తెరవని పుస్తకం తక్కువ. సముద్రాన్ని గురించి చాలా చదివాను గాని చూడటం అదే మొదలు. ఆ సంతోషం రెండు రోజులే నిలిచింది. ఆ తర్వాత నడిస్తే పది నిమిషాల్లో దీవి అయిపోతుంది, మళ్లీ మొదటి నుంచి నడవాలి. ఉదయం చేపలు, మధ్యాహ్నం చేపలు, మిగతా పొద్దంతా పేకాట. వాన ఆగదు, అలల చప్పుడు ఆగదు. క్యాంపు మా నాయకుడి బామ్మర్ది చేతిలో ఉండేది. పూటకు రెండుసార్లు వచ్చి తలలు లెక్కపెట్టేవాడు. ఉన్న ఒక్క పడవ ఆయన చెప్తేనే కదిలేది.

ఆఫీసుగదిలో ఫోను ఉండేది. దినానికొకరికి, ఆయన పక్కన నిలబడి వింటుండగా ఇంటికి మాట్లాడే వీలు. ఆరో రోజు మామ వంతు వచ్చింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చున్నాడు. గొర్రెల మూతులు వాచి మేత ముట్టడం లేదని కోడలు చెప్పిందట. ఇంట్లో మగమనిషి ఈయనొక్కడే. ఒక్కరోజు పోయి మందు పోసి వస్తానని బామ్మర్దిని అడిగితే, ఎన్నికయ్యాక కొత్త గొర్రెలు కొనిస్తాంలే అన్నాడట.

"కొనిస్తాడంట" అన్నాడు మామ. "వాటిని నేను పేర్లు పెట్టి పిలుస్తానబ్బీ."

దీవికీ ఒడ్డుకూ మధ్య నీళ్లు తగ్గే ఆటు వేళ, నడిచిపోగలిగే ఒక ఇసక దావ తేలేది. దాన్ని మేమిద్దరం రోజూ చూస్తూనే ఉన్నాం.

"ఆ దావ రేపు ఎప్పుడు తేలుతాదో నీ పుస్తకాల్లో ఉంటాదా?"

ఉంటుంది. ఆటుపోట్లు రోజుకు ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతాయని భూగోళం పుస్తకంలో చదివాను. ఆనాటి వేళను బట్టి లెక్కేసి చెప్పాను. అది అందరూ టిఫిను తినే వేళ అయింది. నా చదువు ఒక మనిషికి పనికొచ్చిందని లోపల గర్వంగానే ఉండింది. ఆ తర్వాత ఏమవుతుందో మాత్రం లెక్కవేయలేదు.

మరుసటి రోజు మామ చొక్కా, పంచె మూటగట్టి తలమీద పెట్టుకుని దాటిపోయాడు. వెనకటి రోజుల్లో మందతో బళ్లారి దాకా తిరిగినవాడు, కన్నడం వచ్చు, దారికి భయం లేదు.

మధ్యాహ్నం తలలు ఏడే తేలాయి. బామ్మర్ది నేరుగా ఫోను దగ్గరికి పోయాడు. మేమంతా వినేటట్టే మాట్లాడాడు. వాడు అమ్ముడుపోయినాడు, ఇంటికాడికి మనుషుల్ని పంపండి, కొట్టానికి నిప్పు పెట్టండి అన్నాడు.

చెప్పకపోతే ఆయన ఇల్లు పోతుంది. చెబితే నా ఇల్లు.

"అమ్ముడుపోలా" అన్నాను. "గొర్రెల కోసం ఇంటికే పోయినాడు. నీళ్లు తగ్గే యాళ చెప్పింది నేనే."

బామ్మర్ది ఫోను చేత్తో మూసి నన్ను కిందికీ పైకీ చూశాడు.

"పుస్తకాలు చదివేటోన్ని క్యాంపుకు తేవద్దని మా బావకు అప్పుడే చెప్పినా" అన్నాడు. తర్వాత ఫోనులో, కొట్టం జోలికి పోవద్దు, వాడు రాగానే జీపెక్కించుకోండి అని చెప్పాడు.

మిగిలిన రెండు రోజులు నా గది ముందు బామ్మర్ది మనిషి ఒకడు కూర్చునే ఉన్నాడు. చదవడానికి తెచ్చుకున్న పుస్తకం తీసేవాణ్ణి, కళ్లు ఒకే పేజీ మీద ఆగిపోయేవి. ఇల్లు కాపాడాననిపించేది. అంతలోనే, ఆయన ఎక్కడికి పోతున్నాడో వాళ్లకు చెప్పింది నేనే కదా అనిపించేది. లేచి నడిచేవాణ్ణి. అద్దాల గోడ వరకు, మళ్లీ తలుపు వరకు.

ఎన్నికనాడు మండలాఫీసు ముందు మమ్మల్ని బస్సులోంచి, మామను జీపులోంచి దించారు. చేయెత్తమన్నప్పుడు ఎత్తాడు. ఒక్క చేయి తేడాతో గెలిచాం. దండలు, ఊరేగింపు మొదలయ్యాయి. ఆయన గుంపులోంచి తప్పుకుని బస్సు కోసం నడుస్తుంటే వెనకాలే పోయాను. గొర్రెలెట్లున్నాయని అడిగాను.

"యాడ చూసినా? ఊరి మొగదల్లోనే, ఇంటికి పోకముందే పట్టుకున్యారు. వాళ్లింట్లోనే పెట్టుకున్యారు ఇంతదంకా."

జమ్మలమడుగులో కొన్న మందు సీసా అప్పటికీ ఆయన చేతిలోనే ఉంది. వాళ్లకు చెప్పింది నేనేనని చెప్పాను.

"తెలుసు. జీపులో చెప్పినారు."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేనూ ఎక్కాను. వద్దనలేదు, రమ్మనలేదు. ఊరు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

కొట్టంలో మూడు అప్పటికే పోయాయి. మిగిలినవాటిలో ఒకటి మూలన తల వాల్చి నిలబడి ఉంది. ఆయన ఏదో పేరు పెట్టి పిలిస్తే చెవి కదిలించింది. నేను దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి దవడ తెరిచి పట్టుకున్నాను. మామ పోసిన మందులో సగం నా చొక్కా మీద పడింది, మిగతాది మింగింది.

"ఇడ్సిపెట్టు" అన్నాడు మామ. "ఇంగోదాన్ని పట్టకరా."