పెన్సిలిన్ జాబితాలో లేని పేరు

నాకు యాభై దాటాక అక్షరాలు వచ్చాయి. ఈ పరాయి దేశం వచ్చాక, టకానిని అనే ఊళ్లో మా అమ్మాయే వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది, ముందు తెలుగు, తర్వాత ఇంగ్లీషు. అప్పటి నుంచి తన కంప్యూటర్లో ఏం కనిపించినా కూడబలుక్కుని చదువుతుంటాను.

ఆ మంగళవారం తను ఇంటి నుంచే పని చేస్తోంది. రోగుల వివరాలు వెతకడానికి తను రాసిన ప్రోగ్రాం ఆ ఉదయమే హెండర్సన్‌లో ఒక క్లినిక్‌లో మొదలైంది. తెరమీద రెండు కొక్కేల మధ్య టీ అక్షరం ఒక్కటే ఉంది.

"ఇదేమిటే?"

"ఖాళీ జాగా అమ్మా. నర్సు రోగుల్ని వయసునిబట్టి వెతికితే అక్కడికి అంకె వస్తుంది, ఊరునిబట్టి వెతికితే మాట వస్తుంది. దాన్నిబట్టి ప్రశ్న అప్పటికప్పుడు తయారవుతుంది. లేకపోతే ఒక్కోదానికీ విడిగా ఒక్కో ప్రోగ్రాం ముక్క రాసి చావాలి."

"ఏది పడితే అది పెట్టొచ్చా?"

"పెట్టొచ్చు. అదేగా గొప్ప!"

నాకు ఆ మాట నచ్చలేదు. చదువు రాని రోజుల్లో ఖాళీ కాగితాల మీద ఎన్నోసార్లు వేలిముద్ర వేశాను. వాటిలో తర్వాత ఏం నింపారో నాకిప్పటికీ తెలియదు.

"నీ వివరాలే టెస్టింగ్‌కి పెట్టా, చూడు" అంటూ యాభై దాటిన ఆడవాళ్లెవరని కంప్యూటర్‌ను అడిగింది. నా పేరు వచ్చింది.

"పెన్సిలిన్ పడనివాళ్లలో?" అన్నాను. ఒకసారి ఆ ఇంజెక్షన్‌కి నా గొంతు మూసుకుపోయింది.

నొక్కింది. ఎవరూ లేరని వచ్చింది. ఎర్ర గుర్తు లేదు, తప్పు జరిగిందన్న మాట లేదు.

తను కుర్చీలో ముందుకు జరిగింది. "ఒక్కో అలర్జీకి ఒక్కో అంకె ఉంటుంది, ఆ ఖాళీలోకి వచ్చేది అంకె అని చెప్పకుండా వదిలేశానమ్మా. మనం అడిగిన అంకెనీ, రోగి పేరు పక్కనున్న అంకెనీ రెండు డబ్బాల్లో మూసేసి, లోపలేముందో చూడకుండా రెండూ ఒకే డబ్బానా అని అడుగుతోంది. ఎప్పటికీ కాదనే చెప్తుంది."

వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేసింది. నర్సు సంతోషంగా ఉంది. "మీ లిస్ట్ భలే ఉంది! పొద్దున్నుంచి అలర్జీ అని ఒక్కరి పేరూ రాలేదు."

అప్పటికి తొమ్మిది మందికి పెన్సిలిన్ ఇచ్చారు. మా అమ్మాయి జరిగిన తప్పు చెప్పగానే నర్సు ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ఈలోగా తను ప్రోగ్రాం సరిచేసి పంపింది. ఎనిమిది మంది ఎత్తారు, బాగానే ఉన్నామన్నారు. తొమ్మిదో ఆవిడ ఎత్తలేదు. ఒక్కతే ఉంటుందట. సరిచేశాక వచ్చిన పెన్సిలిన్ పడనివాళ్ల జాబితాలో ఆవిడ పేరుంది.

అంబులెన్స్ పంపారు. గంట తర్వాత నర్సు ఫోన్ చేసి, ఆవిడను ఆస్పత్రికి తీసుకెళ్లారంది.

"ఎలా ఉంది?" అని అడిగింది మా అమ్మాయి.

రోగుల సంగతి అంతకు మించి బయటివాళ్లకు చెప్పకూడదంది.